తల ఊపి చూసే సార్

మా సార్ దేన్నీ తిన్నగా చూసేవారు కాదు. ముందు తలను కాస్త ఎడమకు, తర్వాత కాస్త కుడికి కదిపి, అప్పుడు చూసేవారు. టీ గ్లాసు అందుకోవాలన్నా అంతే, పిల్లల చేతిలోంచి కాగితం తీసుకోవాలన్నా అంతే. తెలియనివాళ్లు ఆయన వద్దంటున్నారనుకునేవారు. మా క్యాంటీన్ ఆవిడ కొత్తలో ఆయన ముందు టీ పెట్టబోయి, ఆ తల ఊపు చూసి గ్లాసు వెనక్కి పట్టుకుపోయింది. "అగో, ఎటు వోతున్నవ్ తల్లీ, తాగుత నేను" అంటూ సార్ ఆమె వెంట పడాల్సి వచ్చింది.

ఈ వానాకాలం ఆయన పోయారు. అప్పటి నుంచి నాకో వింత అలవాటు పట్టుకుంది. కోదాడ నుంచి సూర్యాపేటకు రోజూ బస్సులో వెళ్తాను. కిటికీ పక్కన సీటు దొరికితే నాకు తెలియకుండానే నా తల అటూ ఇటూ కదులుతోంది. మొన్న పక్క సీటావిడ "మెడ పట్టేసిందా అమ్మా?" అని అడిగింది. కాదన్నాను. నా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. నాకెందుకు ఆ ఊపు?

సార్‌కు ఎడమ కంట్లో పువ్వు, ఆ కంటికి చూపు లేదు. చిన్నప్పుడు జీవాల వెంట పోయి, గొర్రెపిల్లల మేత కోసం తుమ్మ కొమ్మ వంచితే, అది చెయ్యి జారి ముఖాన కొట్టిందట. చివ్వెంల దాటాక వాళ్ల ఊరు. తమ్ముడికి ఇప్పటికీ మంద ఉంది. సార్ ఒక్కరే చదువుకుని సూర్యాపేటలోని మా ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేనూ అదే చెప్తాను. నేను చేరేనాటికే ఆయన తల సగం నెరిసింది. పిల్లలు చాటుగా ఆయన్ని 'సింగిల్ బాండ్' అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "డబుల్ బాండయితే ఇంకింత గట్టిగుండేటోన్ని, ఏం జేస్తం" అని నవ్వేసేవారు.

బోర్డు దగ్గర మాత్రం ఆయన్ని మించినవాళ్లు లేరు. సుద్దముక్క ఎత్తకుండా ఒక్క చుట్టులో ఆరు మూలల బొమ్మ వేసేవారు. స్కేలు పెట్టి చూసినా గీత పక్కకు పోయేది కాదు. కార్బన్‌ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఆయనకది 'మనోడు'. "మనోనికి నాలుగు చేతులు. ఒక్కటి ఖాళీగున్నా ఊకోడు, ఎవ్వల్నో ఒకల్ని వట్కుంటడు" అని చెప్పేవారు. పాఠం అయిపోగానే కుడిచేతి వేళ్లు ముఖం ముందుకు తెచ్చుకుని ఉఫ్ అని ఊదేవారు. సుద్దపొడి గాల్లో కాసేపు తేలేది. కిటికీలోంచి ఎండ పడే రోజుల్లో ఆ పొడి కిందికి దిగేదాకా పిల్లలు పుస్తకాలు మూయకుండా చూస్తూ కూర్చునేవాళ్లు.

"బోర్డు కాడ నాకూ మీకూ ఫరక్ లేదు. బోర్డుకు లోతే లేకపాయె. రెండు కండ్లోడు గంతే సూస్తడు, నేనూ గంతే సూస్త" అని ఒకసారి నాతో అన్నారు. ఆ మాటలో ఎంత ఊరట ఉందో నాకప్పుడు తెలియలేదు.

నిరుడు ఒకరోజు మిర్యాలగూడ మెయిన్ బ్రాంచి నుంచి డీన్ వచ్చారు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఇక సుద్దలూ బోర్డులూ ఉండవన్నారు. గోడకు పెద్ద టచ్ ప్యానెల్స్ పెడతారు, పాఠమంతా వాటి మీదే. ఒక్కొక్కరూ దసరా ముందు ఆయన ఎదుట ఒక డెమో క్లాసు చెప్పాలి. చెప్పలేనివాళ్లను పాఠాల నుంచి తీసేసి స్టడీ అవర్లకు వేస్తారు. స్టడీ అవర్ అంటే మరేం లేదు, పిల్లలు చదువుకుంటుంటే కునికిపాట్లు పడకుండా కుర్చీ వేసుకుని కాపలా కాయడం.

మీటింగ్ అయ్యాక సార్ వరండాలో నన్ను ఆపారు. నన్నెప్పుడూ పేరుతో పిలిచేవారు కాదు, ఊరితోనే పిలిచేవారు.

"కోదాడమ్మా, గా కంప్యూటర్ల అణువులు గీసుడు నాకు నేర్పుతవా?"

"నేర్పుతాను సార్. దానిదేముంది!"

"నీకు గట్లనే ఉంటది బిడ్డా. నాకు క్లాసు లేకుంటే ఇగ మిగిలేదేముంది, సెప్పు."

నవ్వుతూనే అన్నారు గానీ, తల మాత్రం ఊపలేదు. నా వంక చూడటం లేదని దాన్ని బట్టే తెలిసింది.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం క్లాసులయ్యాక ల్యాబ్ మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. అణువులు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికేది, అది దింపి పెట్టాను. మొదట్లో మౌస్‌తో పెద్ద పేచీ. సుద్దముక్క ఎత్తినట్టు మౌస్‌ను టేబుల్ మీంచి పైకెత్తేవారు. తెర మీద బాణం గుర్తు కదలకపోతే "పడుకున్నదమ్మా ఇది" అని నన్ను పిలిచేవారు. రోజూ లేచేముందు అలవాటుగా వేళ్లు ముఖం ముందుకు తెచ్చుకుని ఊదుకునేవారు. అక్కడ పొడి ఏదీ? నాకు నవ్వొచ్చేది, ఆయనకూ నవ్వొచ్చేది.

ఒక సాయంత్రం నేను ప్రాక్టికల్ రికార్డులు దిద్దుకుంటుంటే, సార్ తనంతట తానే గ్లూకోజ్ గీశారు. ఎంత శ్రద్ధగా గీశారంటే, గీతల బటన్‌తో ఒక్కొక్క గీతా గీసి, అక్షరాల బటన్‌తో ప్రతి మూలా కార్బన్‌కు సి, హైడ్రోజన్‌కు హెచ్ టైపు చేసి, పాఠ్యపుస్తకంలో బొమ్మలా నిలబెట్టారు. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన చెయ్యి కదా, ఒక్క అక్షరం కూడా వదల్లేదు. "ఇప్పుడు లేపు దీన్ని" అన్నారు గర్వంగా. అణువు నిజంగా ఎలా ఉంటుందో చూపించే బటన్ నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. తెర ఖాళీగానే ఉంది.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. "సార్, మీరు వేసింది బొమ్మ. ఇవి ఉత్త గీతలు, ఉత్త అక్షరాలు. ఇందులో అణువుందని దానికి తెలీదు."

సార్ తెర వంక చూశారు. "అంటే ఇన్నేండ్ల సంది నేను జేసింది గిదేనా?" అన్నారు. అన్నాక ఆయనే పెద్దగా నవ్వారు. 

బంధాల బటన్ వేరే ఉందని చూపించాను. దాంతో గీస్తే అది గీత కాదు, రెండు పరమాణువులు పట్టుకున్న చేతులు. గీత వంగిన ప్రతి మూలా దానంతటదే కార్బన్. పేరు రాయక్కర్లేదు. "మనోని పేరు రాయొద్దా?" అని నొచ్చుకున్నారు సార్. "మూల ఉందంటే ఆయన ఉన్నట్టే సార్" అన్నాను. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. కార్బన్‌కు ఐదో చెయ్యి తగిలిస్తే ఆ చోట ఎర్రగా గుర్తు పడేది. దాన్ని చూడటం కోసమే కావాలని ఐదో గీత గీసి, "సూడు సూడు, కోపమొచ్చింది దానికి! మా పెద్దమ్మ లెక్క, తప్పు జేస్తే అసలు ఊకోదు" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. వంకర బొమ్మను సరిచేసే బటన్ మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. నా వంకర నాకుండనీ అనేవారు.

అలా సరిగ్గా గీసిన మొదటి అణువును లేపినప్పుడు, తెర మీద బూడిదరంగు గోళీలు, తెల్ల గోళీలు పుల్లలతో కలిపినట్టు వచ్చి నిలబడ్డాయి. సార్ ఎప్పటిలాగే తల ఎడమకూ కుడికీ ఊపారు. ఏమీ మారలేదు. తెర కదా, మనం ఎంత కదిలినా అది అక్కడే ఉంటుంది. మళ్లీ ఊపారు. ముఖం చిన్నబోయింది.

"మీరు కదలకండి సార్. దాన్ని తిప్పుదాం" అని మౌస్ మీద ఆయన చెయ్యి పెట్టి మెల్లగా లాగించాను.

అణువు తిరిగింది. వెనకున్న గోళీ ముందుకొచ్చింది, ముందున్నది చాటుకు పోయింది. సార్ తల ఆగిపోయింది. నేనెరిగినంతలో ఆయన తల కదలకుండా దేన్నయినా చూడటం అదే మొదలు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు. కాసేపటికి "ఆగితే బొమ్మనే. తిరిగితేనే లేసి నిలవడ్తున్నది" అన్నారు, నాతో కాదు, తనలో తాను. బయట ప్యూన్ తాళాలు గలగలలాడించేదాకా అలాగే తిప్పుతూ కూర్చున్నారు.

ఆ మధ్యలో ప్యానెల్ ట్రైనింగ్ అని మమ్మల్ని మిర్యాలగూడ పిలిపించారు. తిరిగి వచ్చేటప్పుడు సార్ సూర్యాపేట బస్సెక్కలేదు. "నీ ఎంబడి కోదాడ దాక వచ్చి, ఆన్నుంచి వోత" అన్నారు. చుట్టు తిరుగుడు కదా సార్ అంటే, కిటికీ సీటు దొరికిందని ఎక్కి కూర్చున్నారు. ఊరి చివర మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన బస్సులోకి వచ్చింది. అది దాటితే హుజూర్‌నగర్ దాకా అటూ ఇటూ వరే. మబ్బు పట్టి ఎండ మెత్తగా ఉంది. సార్ కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. తల ఊపటం లేదు.

"నీకో ముచ్చట సెప్పనా కోదాడమ్మా? బస్సు ఆగినప్పుడు గీ పొలమంతా నాకు గోడకేసిన రంగు లెక్కనే ఉంటది. బస్సు కదిలిందనుకో, దగ్గరి గట్లు ఉరుకుతయి, ఆ అవతలివి జర నిదానంగ నడుస్తయి, గా దూరపు తాటిచెట్లు అసలే కదలయి. అప్పుడు పొలం విచ్చుకుంటది. నేను తల ఊపే పని బస్సే జేస్తది. అందుకే నాకు బస్సంటే పానం."

"నాకు ఆగినా, కదిలినా ఒకేలా ఉంటుంది సార్."

"నీకు ముందే ఉన్నదాయె. నాకు ఎప్పటికప్పుడు పుడ్తది."

హుజూర్‌నగర్‌లో బస్సు ఆగింది. చేపల గంపతో ఒకావిడ ఎక్కింది, ఆటోవాళ్లు అరుస్తున్నారు. సార్ కళ్లు మూసుకున్నారు. బస్సు కదిలాకే తెరిచారు. నేను కూడా ఒక కన్ను చేత్తో మూసి కోదాడ దాకా పొలాల్ని చూశాను. ఆ ప్రయాణం ఎంత సేపు పట్టిందో నాకు గుర్తు లేదు, అసలు నడిచిందో తేలిందో కూడా గుర్తు లేదు. బస్టాండులో దిగి చేతులు ఊపుకున్నప్పుడు మాత్రం, ఈయన క్లాసు పోకూడదు దేవుడా అని గట్టిగా అనుకున్నాను.

డెమో రోజు వచ్చింది. పాఠం ఆయనే ఎంచుకున్నారు. పెరుగు పులిస్తే వచ్చే ఆమ్లం. ఆ అణువులో ఒక కార్బన్ ఉంటుంది, దాని నాలుగు చేతులూ నాలుగు వేర్వేరువాటిని పట్టుకుంటాయి. అలాంటి అణువూ, అద్దంలో కనపడే దాని ప్రతిబింబమూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి గానీ, ఎంత తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదని చెప్పినట్టు దీన్ని ఏదో ఒక మాటతో చెప్పేసి, నాలుగు బిట్లు చేయించి బయటపడటం మా అందరికీ అలవాటు. సార్‌కూ అదే చెప్పాను. మాటలు సిద్ధం చేసుకోండి, బిట్లు మర్చిపోకండి అన్నాను.

క్లాసు వెనక బెంచీలో డీన్, ఆయన పక్కన నేను. సార్ ప్యానెల్ మీద రెండు అణువుల్నీ పక్కపక్కన లేపారు. ల్యాబ్ కంప్యూటర్లో జానెడున్నవి ఇక్కడ మనిషెత్తున నిలబడ్డాయి. సార్ ఒక అడుగు వెనక్కి వేశారు. పిల్లల వైపు తిరిగి, "గీ రెండు ఒకటేనా, కాదా? సూసి మీరే సెప్పుండ్రి. నేను సెప్ప" అన్నారు. ఆ తర్వాత వేలితో ఒక అణువును మెల్లగా తిప్పటం మొదలుపెట్టారు.

ఇక మాట లేదు. ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన ఆపేవారు. ఒక గోళీ కలిస్తే ఇంకోటి తప్పేది. మళ్లీ పైకి తిప్పేవారు, పక్కకు వాల్చేవారు. ఎర్ర గోళీ ముందుకు వచ్చేది, తెల్లది వెనక్కి పోయేది. ఫ్యాను చప్పుడు తప్ప క్లాసులో ఏమీ వినపడలేదు. కొంతసేపయ్యాక చూస్తే ముందు బెంచీ పిల్లల తలలు మెల్లగా వంగుతున్నాయి. అణువు కుడికి వాలితే తలలు కుడికి, ఎడమకు వాలితే ఎడమకు. తర్వాత రెండో బెంచీ. ఆ తర్వాత మొత్తం క్లాసు. గాలికి వరి కదిలినట్టు కదిలారు. అందరి మధ్యా సార్ ఒక్కరే కదలకుండా నిలబడ్డారు. ఆయన మమ్మల్నందరినీ మర్చిపోయారని నాకు తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లూ బోర్డు మీద గీస్తూ వచ్చినదాన్ని ఆయన అప్పుడే చూస్తున్నారు. నేనూ డీన్ పక్కన కూర్చున్నానన్న సంగతి మర్చిపోయాను.

బెల్లు మోగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. సార్ వేళ్లు ఊదుకుని బయటికి వచ్చారు.

డీన్ వరండాలోనే అడిగారు. "పాఠమేది సార్? కాన్సెప్ట్ లేదు, ఒక్క బిట్ లేదు. పీరియడ్ మొత్తం ఒక బొమ్మను తిప్పారు."

"రెండు బొమ్మలు సార్" అన్నారు మా సార్.

దసరా తర్వాత ఆయన్ని స్టడీ అవర్లకు వేశారు. నాకు ఒళ్లు మండింది. డీన్ మీద కంటే సార్ మీదే ఎక్కువ మండింది. అంత నేర్పిస్తే, అంత వచ్చాక, నోరు తెరిచి నాలుగు ముక్కలు చెప్పటానికి ఏమొచ్చింది ఈయనకు? అడిగేశాను కూడా. సార్ కోప్పడలేదు.

"సెప్తే ఇనుకుంట కూసుంటరు బిడ్డా. సూసుడు బంద్ జేస్తరు" అన్నారు. మళ్లీ ఆయనే, "గాని నాకొక్కటే పరేషాన్. వాళ్లు సూసిండ్రంటవా? లేకుంటే నేనొక్కన్నే సూసిన్నా?"

"చూసే ఉంటారు సార్."

"ఉంటరు అనకు. సూసిండ్రా, లేదా?"

పిల్లల్ని అడుగుతానంటే వద్దన్నారు. అడిగితే భయానికి అవునంటారట. అప్పటి నుంచి ఎప్పుడు కలిసినా అదే ప్రశ్న. స్టడీ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పిల్లలు తలలు వంచి బిట్లు బట్టీ పట్టేవాళ్లు. నేను గుమ్మం దాటుతుంటే తల అటూ ఇటూ ఊపి నన్ను పోల్చుకుని, "ఏమన్న తెలిసిందా?" అనేవారు. లేదనేదాన్ని. ఒక్కసారైనా అవును సార్ అని అబద్ధమాడితే పోయేదేమో అనిపించేది. ఆయన ముఖం చూస్తే ఆడబుద్ధి కాలేదు. క్లాసు పోయినందుకు ఆయన బాధపడ్డారో లేదో నాకు తెలియదు. ఈ ఒక్కదానికి మాత్రం చివరిదాకా బాధపడ్డారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు స్టడీ అవర్‌కు రాలేదు. ఇంట్లోనే గుండె పట్టేసిందని, దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయారని మధ్యాహ్నం కబురు వచ్చింది.

కాలేజీ వాళ్లు గేటు పక్కన రెండు గుంజలు పాతి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. మా దగ్గర ఫ్లెక్సీలు వేసేవాళ్లకో పద్ధతి ఉంది. ఫొటోలో మనిషి ఎప్పుడూ లోపలికి, అక్షరాల వైపు చూస్తూ ఉండాలి. బయటికి చూస్తుంటే బాగుండదని కంప్యూటర్లో ఫొటోను అటుదిటు తిప్పేస్తారు. సార్ ఫొటోను కూడా అలాగే తిప్పారు. నేను దండ వేసి నిలబడ్డాను. ఏదో తేడాగా ఉందని అనిపిస్తోంది గానీ ఏడుపులో ఏమిటో తట్టలేదు.

ఆ డెమో క్లాసు పిల్లలు గుంపుగా వచ్చారు. మఠంపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతి, ఫ్లెక్సీ ముందు ఆగి తల ఇటు వంచింది, అటు వంచింది.

"మేడం, ఈయన మన సారు కాదు."

"అదేంటే, అలా అంటావ్?" అన్నాను, కాస్త కోపంగానే.

"కన్ను సూడుండ్రి మేడం. పువ్వు గీ పక్కకొచ్చింది. జేబు గూడ. అద్దంల సారు ఈయన. ఈయన, మన సారు ఒకటి కాదు."

పక్కనున్న అబ్బాయి చేతులు గాల్లో తిప్పుతూ ఆలోచించాడు. "ఎనకకు వోయి సూస్తే?" అని ఫ్లెక్సీ వెనక్కి పరిగెత్తాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. అటువైపు నుంచి వాడు కేకేశాడు. "గీడున్నడు! సక్కగున్నడు సారు!"

అందరూ వెనక్కి పోయారు. నేనూ పోయాను. ముందు వైపు పడుతున్న ఎండకు ఫ్లెక్సీ వెలుగుతోంది. అక్షరాలన్నీ తిరగబడ్డాయి గానీ, సార్ మాత్రం సార్ లాగే ఉన్నారు. జేబు ఆయనకు ఎడమన, పువ్వు ఎడమ కంట్లో.

"ఇది బొమ్మ గాబట్టి ఎనకకొస్తే కలిసింది. మనిషయితే ఎటు దిప్పినా కలవడు. ఆరోజు సూసినం గద" అంది ఆ అమ్మాయి, అదేమంత పెద్ద విషయం కానట్టు. మిగతావాళ్లు తలలు ఊపారు.

గుంజ పట్టుకుని నిలబడ్డాను. పిల్లలంతా అక్కడే ఉన్నారని కూడా చూడకుండా, "చూశారు సార్, వాళ్లూ చూశారు" అని పైకే చెప్పాను.